ఒక్క నిమిషం కూడా తగ్గించని మనిషి

మొన్న మంగళవారం పొద్దున బజారుకు పోతే బ్యాటరీ పెద్దాయన అంగడి ముందర నీళ్ల డ్రమ్ము బోర్లించి ఉంది.

అంగడి మూసి ఉన్నందుకు నాకేమీ అనిపించేది కాదు. చిత్తూరులో కూతురింటికి పోయినప్పుడల్లా మూసేవాడు. కానీ డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉండేది. షట్టరు దించినా, డ్రమ్ముకు మూత పెట్టి, మూత మీద మగ్గు పెట్టి పోయేవాడు. అది బోర్లా పడుకొని ఉంటే చూసి స్కూటరు ఆపినాను. పక్కన టైర్ల అంగడాయన తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూసుకుంటా, తల ఎత్తకుండానే చెప్పినాడు.

“పోయినాడు శెట్టీ. ఆదివారం నిద్రలోనే. చిత్తూర్లోనే కార్యం కూడా కానిచ్చేసినారంట.”

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పినాను. ఆమె పొయ్యి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకొని, నా మొహంలోకి చూసింది. సరిగ్గా చెప్పాలంటే నా కుడికంట్లోకి చూసింది.

మాది సూళ్లూరుపేట. నాది స్టీలు సామాన్ల అంగడి. మా తాత ఇత్తడి అమ్మినాడు, మా నాయన సత్తు గిన్నెలు అమ్మినాడు, నేను స్టీలు అమ్ముతున్నాను. మూడు తరాల్లో లోహం మారింది గానీ నోరు మారలేదు. మా ఇంటి పిల్లకాయలకు మాటల కంటే ముందు బేరం వస్తుందని చుట్టాలు అంటారు. నా పెళ్లిలో అయ్యవారితో మంత్రాలు తగ్గించమని బేరమాడినానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. అది అబద్ధం. నేను తగ్గించమన్నది పొగ.

ఆయనది నా అంగడికి నాలుగు గడపల అవతల, బ్యాటరీల అంగడి. కొత్తవి అమ్మేవాడు, జబ్బు చేసినవి బాగుచేసేవాడు, చచ్చినవి తీసుకునేవాడు. తడ దగ్గర బోర్డరు దాటే లారీలవి, రొయ్యల గుంటల కాడ జనరేటర్లవి, పులికాట్ పల్లెల్లో పడవల మీద దీపాలకు వాడేవి, అన్నీ ఆయన అరుగు మీదికి వచ్చేవి. ఉప్పుగాలికి వాటి కొమ్ముల మీద తెల్లగా, పచ్చగా బూజు మాదిరి పేరుకొనేది. కొమ్ములంటే టెర్మినళ్లు. ఆయన మాట అది. గోరువెచ్చని నీళ్లలో సోడా ఉప్పు కలిపి పాత పళ్ల బ్రష్షుతో వాటిని కడుగుతుంటే బుసబుసమని నురగ పొంగేది. పసిబిడ్డకు తలంటు పోస్తున్నట్టు ఉండేది చూసేదానికి.

బజారంతా ఆయనను బ్యాటరీ పెద్దాయన అనేది. ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. మనిషి సన్నం. రోహిణి కార్తెలో కూడా టెర్లిన్ చొక్కాయే. నూలుబట్ట యాసిడ్‌కు ఆగదని చెప్పేవాడు. లుంగీ మాత్రం నూలుదే. దానికి ఎన్ని చిల్లులో!

“ఎలకలు కొట్టినాయా పెద్దాయనా?” అని ఒకసారి అడిగితే, “ఎలకకు బుద్ధి ఉండాది శెట్టీ, ఈ బట్టను మూతి పెట్టి గూడా సూడదు” అన్నాడు.

వేలికి ఉంగరం లేదు, చేతికి గడియారం లేదు, మొలకు వెండితాడు లేదు. స్పానరు పిడికి సైకిలు ట్యూబు చుట్టినాడు. ఎవరన్నా బ్యాటరీ మీదికి వంగితే ముందు వాళ్ల చేతులు చూసేవాడు. “ఉంగరం తియ్యప్పా. ఆ బంగారం రెండు కొమ్ముల మజ్జన తగిలిందంటే ఏలు కొలిమిలో పెట్టినట్టే” అనేవాడు. మెళ్లో లావుపాటి గొలుసు వేసుకొని వచ్చిన ఒక రొయ్యల రైతును గొలుసు తీసేదాకా అరుగే ఎక్కనీలేదు. ఆయన కోపంగా తీసి జేబులో వేసుకుంటే, “ఇబ్బుడు నువ్వూ నేనూ ఒగటే, దా” అన్నాడు.

ఎడమ కంట్లో పువ్వు. నల్లగుడ్డంతా పాలమీగడ మాదిరి పొర కమ్మేసి ఉండేది. చిన్నప్పుడు అమ్మవారు పోసిందేమో అనుకున్నాం గానీ, ఎవరమూ అడగలేదు. కుడికంటితోనే, తల కొంచెం వాల్చి, కోడిపుంజు చూసినట్టు చూసేవాడు.

టీ తాగాలంటే ఆయనకు అదొక తతంగం. ఎదురుగా టీ అమ్మే అక్క గ్లాసు తెచ్చి రోడ్డవతల గోడ మీదే పెట్టాలి. ఆయన సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగి, గోళ్లు పుల్లతో గీకి, మళ్లీ కడిగి, అప్పుడు రోడ్డు దాటి పోయి తాగేవాడు. అప్పటికి టీ చల్లారిపోయేది. “చన్నీళ్లే తాగరాదా పెద్దాయనా, ఇంత తిప్పలెందుకు?” అని ఆమె ఎగతాళి చేసేది. కూతురు బిడ్డను ఎత్తుకొని వస్తే కూడా అంతే. “ఆడే ఉండు తల్లీ, ఈడికి రావద్దు” అని రోడ్డవతలే నిలబెట్టి, ఇంటికి పోయి స్నానం చేసి చొక్కా మార్చినాకే బిడ్డను ఎత్తుకొనేవాడు.

“యాసిడ్ మంచిది శెట్టీ” అని చెప్పినాడు ఒకసారి. “తాకంగానే అరిసి చెప్తాది, నేనొచ్చినానని. ఈ సీసం ఉండాదే, ఇది అరవదు. గమ్మునుంటాది. గోటి కింద దూరి, అన్నంతో పాటు లోపలికి పొయ్యి కూసుంటాది. పిల్లోళ్లకైతే బుర్రనే తినేస్తాది.”

ఇంత జాగ్రత్త మనిషికి బజారులో మంచి పేరు రాలేదు. రెండు కారణాలు.

మొదటిది ఆ నీళ్ల డ్రమ్ము. ఎండలో వచ్చినవాడు మగ్గు ముంచబోతే, “అది తాగే నీళ్లు కాదప్పా, లోపల కుండ ఉండాది” అని అడ్డం పడేవాడు. రోజూ పొద్దున్నే పాత నీళ్లు రోడ్డుకు చల్లి కొత్తవి పట్టేవాడు. నీళ్లకు కూడా కాపలా కాస్తాడని పిసినారి పేరు పెట్టినారు. నేనూ ఒక చేయి వేసినాను. నేను పిసినారి అన్నానంటే బజారులో దానికి విలువ ఎక్కువ, తెలిసినవాడు చెప్పినట్టు. ఒకసారి చేతికి గ్రీజు అంటుకుంటే నేను ఆ డ్రమ్ములో చేయి పెట్టినాను. ఆయన డ్రమ్మంతా ఒంచేసి, సబ్బు పెట్టి తోమి, మళ్లీ పట్టడం మొదలుపెట్టినాడు.

“రవ్వంత గ్రీజుకు ఇంత రచ్చా పెద్దాయనా?”

“ఈ నీళ్లు ఎవురివో ఇంగా తెలీదు శెట్టీ” అన్నాడు. “వాడొచ్చే దాకా నిండుగా, శుద్ధంగా ఉండల్ల.”

వయసు మీద పడి మతి తప్పుతోంది అనుకున్నాను.

రెండోది దేవుడు. మా బజారులో అంగడి తీయగానే లోపల పటాల ముందర కర్పూరం వెలిగించకుండా ఎవరూ బోణీ చేయరు. శుక్రవారమైతే సాంబ్రాణి సాయిబు నెమలి ఈకల కట్ట పట్టుకొని, పొగ రేపుకుంటా ప్రతి అంగడిలోకీ వస్తాడు. ఆయన అంగడి కాడికి వచ్చేసరికి, “లోపలికి రాగాకు సాయిబూ, ఆడే నిలబడు, నేనే వస్తా” అని నడిరోడ్డు మీదికి దిగి, తల వంచి, ఈకలతో కొట్టించుకొని పోయేవాడు. దేవుడి పటాలు కూడా లోపల లేవు. బయట చూరు కింద స్తంభానికి కొట్టి ఉన్నాయి. వానకు వెంకన్న మొహం తడిసి రంగు కారింది. ఆయుధపూజ రోజు స్పానర్లు, గరాటు, యాసిడ్ చూసే గాజు గొట్టం, అన్నీ ఒక పలక మీద పెట్టి రోడ్డంచుకు తెచ్చి అక్కడ పూజ చేసేవాడు. దేవుణ్ణి వాకిట్లో నిలబెట్టిన పాపిష్టివాడు అని మా అమ్మ లెంపలేసుకొనేది.

“దేవుడికి పొగ కావాల. నా బ్యాటరీలకు పొగ పడదు. ఇద్దురికీ తగువు రాకుండా సూస్తా ఉండా” అని నవ్వేవాడు.

నా ఇన్వర్టరు కథ ఇక్కడ చెప్పాలి. కరెంటు కోతలకు తట్టుకోలేక ఒక పెద్ద బ్యాటరీ కొనాలని ఆయన దగ్గరికి పోయినాను. ఆయనొక రేటు చెప్పినాడు. నేను ఇంకొకటి చెప్పినాను, సిగ్గు విడిచి. కనీసం గంట సేపు సాగుతుందని, మధ్యలో రెండుసార్లు లేచిపోవాలని, మా ఆవిడ ఫోన్ చేసినట్టు నటించాలని అన్నీ సిద్ధం చేసుకొని పోయినాను. “సరే, ఎత్తుకో” అన్నాడు ఆయన. అంతే. బేరగాడికి ఇంతకంటే అవమానం లేదు. అడగ్గానే ఇచ్చినాడంటే నువ్వు ఎక్కువ అడిగినట్టే అని మా నాయన చెప్పేవాడు.

“రేటు అయిపాయ” అన్నాడు లేస్తా. “ఇంగ అది కూసునే సోటు సూపీ.”

నేను అనుకున్న చోటు నా అంగడి లోపల, మేడమెట్ల కింద గూడు. దానికి తలుపు పెట్టిస్తే బ్యాటరీ కనపడదు, తలుపు మీద గరిటెలు కూడా తగిలించుకోవచ్చు. ఆయన మోకాళ్ల మీద వంగి గూట్లోకి తల పెట్టి, అరచేతితో గాలి తడిమి చూసినాడు.

“ఈడ వొద్దు. గాలాడదు.”

“బ్యాటరీకి గాలెందుకు పెద్దాయనా? అదేమన్నా మనిషా?”

“సార్జింగు ఎక్కేటబ్బుడు ఊపిరి ఇడస్తాది శెట్టీ. ఆ ఊపిరి కంటికి కనపడదు, ముక్కుకు తెలీదు. నిప్పురవ్వ తగిలిందంటే బాంబే. బైట వసారాలో పెట్టు.”

వసారాలో బిందెలు పేర్చుకోవాలి నేను. ఆయన తలుపు వద్దన్నాడు. నేను తలుపు ఉండాలన్నాను. ఆయన తలుపుకు పైనా కిందా చిల్లుల వరసలు పెట్టించమన్నాడు. నేను పైన ఒక్క వరసకు తెచ్చినాను. ఆయన పోయినాక వడ్రంగి, చిల్లులు పెడితే పైన అంటించిన షీటు లేచిపోతుందన్నాడు. ఆ ఒక్క వరస కూడా తీసేసినాను. వారం తర్వాత వచ్చి చూసి, తలుపు మీద ఒకసారి అరచేత్తో తట్టి, “నాతో బేరం ఆడినావు, సరే. గాలితో ఆడగాకు” అని పోయినాడు. ఆ మాటకు నేను లోపల గర్వపడినాను. అంత గట్టిగా గెలిచిన బేరం అప్పటికి చాలా రోజులయింది.

ఆ ఏడు ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం ఆయనే వచ్చి బ్యాటరీలో నీళ్లు చూసినాడు. పోతా పోతా, “రేపు పసుపు పెట్టుకో, కుంకం పెట్టుకో, కావల్సినన్ని పూలు పెట్టుకో. కర్పూరం మాత్రం ఈ గూటి దాపుల్లోకి తేగాకు శెట్టీ” అన్నాడు. నేను తల ఊపినాను. కొనే ఉద్దేశం లేనివాళ్లు నా అంగడిలో ఎట్లా ఊపుతారో అట్లా.

మా ఇంట్లో ఆయుధపూజ అంటే వట్టి పూజ కాదు. తక్కెడకు, బిల్లు మిషనుకు, కత్తెరకు, ఇప్పుడు క్యాలిక్యులేటరుకు కూడా, మనకు అన్నం పెట్టే ప్రతిదానికీ విడివిడిగా హారతి ఇవ్వాలి. ఒక్కటి మరిచినా అది అలుగుతుందని మా నాయన నమ్మకం. వేసవంతా నా అంగడిలో దీపం ఆరనీయకుండా చూసిన ఇన్వర్టరుకు హారతి ఎగ్గొట్టాలంటే నాకు మనసు ఒప్పలేదు. ఆ రోజు తెల్లవారి నుంచి కరెంటు లేదు. పది గంటలకు వచ్చింది. బ్యాటరీ జోరుగా ఛార్జింగు ఎక్కుతోంది. మా ఆవిడ వెనక నిలబడి గంట కొడుతోంది. నేను గూటి తలుపు తీసినాను. పుల్లటి వాసన వెచ్చగా మొహానికి కొట్టింది. కర్పూరం పళ్లెం పట్టుకొని వంగినాను.

తర్వాత ఏమయిందో నేను చూడలేదు, విన్నాను. తుపాకీ పేలినట్టు ఒక్కటే శబ్దం. మొహం మీద ఎవరో వేడి ఇసుక విసిరినట్టు. ఆ తర్వాత కుడికంట్లో నిప్పు.

బజారంతా దసరా టపాకాయ అనుకున్నారంట. నాలుగు అంగళ్ల అవతల ఆయన ఒక్కడే, రోడ్డంచున పూజ చేసుకుంటున్నవాడు, ఆ శబ్దం దేనిదో పోల్చుకొని లేచినాడు. నేను రెండు చేతులతో కన్ను నలుపుతుంటే ఎవరో నా మణికట్లు పట్టి లాగినారు.

“నలపగాకు! సెయ్యి తియ్యి! అమ్మా, మెయిన్ దించు. ఆ కర్పూరం బైట పారెయ్.”

“పాలు ఉండాయి, నైవేద్యానికి పెట్టినేవి. పాలు పోస్తే కంటికి సల్లబడతాది” అని మా ఆవిడ ఏడుస్తా పరిగెత్తింది.

“పాలు దేవుడికి పొయ్యి తల్లీ. ఈయనకు నీళ్లు తే!”

నన్ను ఈడ్చుకొని పోయి వసారా అరుగు మీద పండబెట్టినాడు. చొక్కా గుండీలు తెంచి లాగేసినాడు. తల కుడిపక్కకు తిప్పి, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకొని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పోయడం మొదలుపెట్టినాడు. మగ్గు తర్వాత మగ్గు. ఎదురు అంగళ్ల వాళ్లు ఆయన డ్రమ్మునే మోసుకొచ్చినారు. అది అయిపోవస్తుంటే కొళాయి కాడ నా అంగడి బిందెలే నింపి అందించినారు. ఒక బిందె అరుగుకు తగిలి ఠంగుమంది. కన్ను పోతున్న మనిషిని, ఆ శబ్దానికి అది ఎంత మందం రేకో కనిపెట్టి, “సొట్ట పడతాది, మెల్లగా!” అని అరిచినానంట. నాకు గుర్తు లేదు. మా ఆవిడకు బాగా గుర్తు.

నీళ్లు పడినకొద్దీ మంట తగ్గకపోగా ఎక్కువైనట్టు అనిపించింది. నాకు ఒకటి గుర్తుకొచ్చింది. ఆయన యాసిడ్ కలిపేటప్పుడు ఎన్నోసార్లు చెప్పినాడు, యాసిడ్‌ను మెల్లగా నీళ్లలోకి పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లోకి పోయకూడదు, పోస్తే కుతకుత ఉడికి మొహం మీదికి ఎగురుతుందని.

“నువ్వే చెప్పినావు గదా!” అని అరిచినాను. “యాసిడ్ మీద నీళ్లు పోయగూడదని! ఉడికిపోతాది నా కన్ను! ఆపు!”

ఆయన చేయి ఆగలేదు. గొంతు మాత్రం మారింది.

“అది బకెట్టు మాట శెట్టీ. కంటి మాట కాదు. చిత్తూర్లో నాకు పని నేర్పిన మేస్త్రీ గూడా నీ మాదిరే అన్నాడు. యాసిడ్ మీద నీళ్లా, వొద్దురా అని. పదడుగుల్లో బోరింగు ఉండాది. ఒగురూ కొట్టలా. కంట్లో ఆముదం పోసి, గుడ్డ కట్టి, బండి కోసం రోడ్డు మీద నిలబెట్టినారు. ఇరవై ఏండ్లు నాకు అబ్బుడు.” ఇంకో మగ్గు. “ఇంత యాసిడ్ మీద ఇన్ని నీళ్లు పడితే అది ఉడకదు, కొట్టుకోని పోతాది. ఆ మేస్త్రీ సెడ్డోడు కాదు. తెలిసిన మాటను తెలీని సోట వాడినాడు, అంతే.”

నేను నోరు మూసుకోవాల్సింది. కానీ నీళ్లు ముక్కులోకి పోతున్నాయి, చెవిలోకి పోతున్నాయి, ఊపిరాడడం లేదు.

“ఇంకెంతసేపు?”

“ఇరవై నిమిసాలు.”

“ఐదు చాలు పెద్దాయనా.”

“ఇరవై.”

“పది! పది అంటే పది! ఆసుపత్రికి పోవాలి గదా!”

“పోదాం. ఇరవై అయినాక.”

“పన్నెండు...”

“శెట్టీ, బ్యాటరీ ఊరికే కావాలంటే ఎత్తుకో. ఇది తగ్గేది కాదు.”

నేను ఎడమ చేయి చాచి మా ఆవిడ కొంగు అందుకొని లాగినాను. గోడగడియారం చూసి లెక్క చెప్తున్నది ఆమే. కొంచెం ముందుకు జరిపి చెప్పమని గొణిగినాను. పాపం, భర్త మాట జవదాటని మనిషి. కాసేపటికి “పదిహేడు అయింది” అన్నది.

“తొమ్మిది, తల్లీ” అన్నాడు ఆయన. “నాకు గడియారం లేదు. మగ్గులు లెక్కపెడతా ఉండా.”

ఇరవై అయినాక కూడా వదల్లేదు. ఆటోలో నా తల ఆయన ఒడిలో, కాళ్ల మధ్య బిందె. కంటి ఆసుపత్రి దాకా పోస్తానే ఉన్నాడు. “సీటంతా చెరువు చేస్తివే పెద్దాయనా” అని ఆటో అతను గోల పెడితే, “పండగ పూట బండి కడిగినా, నీకు పుణ్యం” అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు యాసిడ్ ఇంకా ఉందేమోనని కంట్లో ఒక కాగితం ముక్క తాకించి రంగు చూసి, ఇంకా కొంత సేపు సెలైన్ పోసి కడిగి, దీపం పెట్టి చాలాసేపు చూసినాడు. “ఎడమది బాగుంది. కుడివైపు నల్లగుడ్డు పైపొర కాలింది. లోపలికి దిగిందో లేదో ఇప్పుడే చెప్పలేను. వారం చూద్దాం” అన్నాడు. ఇక్కడికి వచ్చే ముందు ఎంతసేపు కడిగినారని అడిగినాడు. మా ఆవిడ నోరు తెరిచేలోగా ఆయన, “ఇబ్బుటిదాకా” అన్నాడు. చొక్కా, లుంగీ, వెంట్రుకలు, అన్నీ కారుతున్నాయి.

ఆ వారం నేను బతికిన వారం కాదు. కట్టు వెనక చీకటి. చుక్కలు వేసేదానికి కట్టు విప్పితే మంచు వెనక దీపం పెట్టినట్టు ఉండేది. గిన్నె అంచు మీద రేకు మందం కంటితో చూసి చెప్పే మనిషిని నేను. ఒక కన్ను పోతే ఎట్లా అని రోజుకు వందసార్లు ఎడమకన్ను మూసి చూసుకొనేవాణ్ణి. ఆయన రోజూ సాయంత్రం వచ్చి గడప బయటే నిలబడి, “మంట తగ్గిందా? సుక్కలు ఏళకు యేస్తా ఉండావా?” అని అడిగి పోయేవాడు. గూడు గురించి గానీ, చిల్లుల గురించి గానీ, కర్పూరం గురించి గానీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. రెండో రోజే వడ్రంగిని పిలిపించి ఆ తలుపు పీకించేసినాను.

ఎనిమిదో రోజు కట్టు తీసే రోజు. పిలవకుండానే ఆయన అంగడి మూసి వచ్చినాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని, పెళ్లికి వచ్చినట్టు. లోపల గోడకు తెలుగు అక్షరాల అట్ట తగిలించి ఉంది. పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి.

డాక్టరు వచ్చే లోపల నేను ఏం చేసినానో చెప్తే నవ్వుతారు. ఎడమకంటితో ఆ అట్టంతా కింది వరస దాకా బట్టీ పట్టినాను. ఎవరిని మోసం చేద్దామని? నాకే తెలీదు. పరీక్షలో తప్పుతానేమోనన్న భయం, అంతే. చూపు లేకపోయినా చూపు ఉన్నట్టు ఒక కాగితం చేతికి వస్తే, అదైనా గెలిచినట్టు అనిపించిందేమో.

డాక్టరు కట్టు విప్పి, నా ఎడమకన్ను నల్ల అట్టతో మూసి, “చదవండి” అన్నాడు. నేను గడగడా మొదలుపెట్టినాను. రెండో వరస కూడా కాలేదు.

“సారూ” అన్నాడు ఆయన వెనక తలుపు కాడి నుంచి. “ఆ అట్ట మార్చండి. ఈ శెట్టి అంతా కంఠతా పట్టుంటాడు. లైసెన్సు కోసరం నేనూ అట్లే సదివినా ఒగసారి.”

డాక్టరు నవ్వి అట్ట తిప్పినాడు. వెనకవైపు వేరే అక్షరాలు.

ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు, కన్ను తప్ప. పైన ఉన్న పెద్ద అక్షరం మొదట నల్లటి మచ్చ మాదిరి ఉంది. రెప్ప కొట్టినాను. మచ్చకు అంచులు వచ్చినాయి. “మ” అన్నాను. రెండో వరస చదివినాను. మూడోది చదివినాను. నాలుగో వరసలో ఒక అక్షరానికి కొమ్ము ఉందో లేదో తెలియక ఆగి, తల వాల్చి చూసి, ఉంది అన్నాను. “కరెక్టే” అన్నాడు డాక్టరు. ఐదో వరస మసక. “అది కూడా వస్తుంది, నెల పడుతుంది” అన్నాడు. మా ఆవిడ అప్పుడే ఏడుపు మొదలుపెట్టేసింది.

ఎడమకంటికి అట్ట అట్లాగే అడ్డం పెట్టుకొని, కుడికంటితోనే వెనక్కి తిరిగి చూసినాను. కొంచెం మసకగా, తలుపు చెక్కకు ఆనుకొని ఆయన. పువ్వేసిన ఎడమకంట్లో నుంచి నీళ్లు కారి చెంప మీదికి దిగుతున్నాయి. చూపు లేని కంటికి కూడా నీళ్లు వస్తాయని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆయన తుడుచుకోలేదు. ఆ పక్క తడి ఆయనకు తెలిసినట్టు కూడా లేదు.

“నన్ను సూస్తావేంది శెట్టీ” అన్నాడు. “అట్ట సూడు.”